చెట్టు ఎత్తు కొలవడం: నా లెక్కలో అయిదు మీటర్లు ఎక్కడికి పోయాయి

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను మా విశాఖని ఊడ్చేసి వెళ్లాక, మా వీధి మొదట్లో ఉన్న నిద్రగన్నేరు చెట్టు రోడ్డుకి అడ్డంగా పడి ఉంది. కరెంటు లేదు, ఫోన్లు లేవు. తోచక నేనూ మా మేనల్లుడూ టేపు పట్టుకెళ్లి దాన్ని మొదలు నుంచి కొస దాకా కొలిచాం. 18.4 మీటర్లు. అంతకు రెండేళ్ల ముందు, అది నిలబడి ఉండగా కొలిచి నా పుస్తకంలో రాసుకున్నది 23.7. విరిగిపోయిన కొసలకి ఓ అర మీటరు వదిలేద్దాం. "మిగతా అయిదు మీటర్లు ఎక్కడికి పోయాయి మామయ్యా?" అన్నాడు వాడు. ముప్పై ఏళ్లు సర్వే పని చేసినవాణ్ణి, నోట మాట రాలేదు.

ఆ రోజు నేను చేసింది ఇదీ. చెట్టు మొదలుకి 20 మీటర్ల దూరంలో నిలబడ్డాను. కొనవైపు చూస్తే కోణం 48 డిగ్రీలు. దాని టాన్ విలువ 1.11. ఇరవైతో గుణిస్తే 22.2, నా కంటి ఎత్తు 1.5 కలిపితే 23.7. పదో తరగతి లెక్క, అందులో తప్పేం లేదు. కాకపోతే నేను కొన అనుకున్నది కొన కాదు. అయిదు మీటర్లు నావైపు చాచుకొచ్చిన ఓ కొమ్మ. దాని కిందకి నా దగ్గర్నుంచి దూరం 20 కాదు, 15. గోడ నిటారుగా ఉంటుంది కాబట్టి మేడలకి ఈ పద్ధతి సరిపోతుంది. గొడుగులా విచ్చుకున్న చెట్టుకి పెడితే ఇలాగే బోల్తా కొడతాం.

ఇప్పుడు నేను మొదలు దాకా దూరం కొలవడమే మానేశాను. గోల్ఫ్ ఆడేవాళ్లు దూరం చూసుకోవడానికి వాడే లేజర్ రేంజ్‌ఫైండర్‌ని నేరుగా ఆ కొస మీదే వేస్తాను. ఆ కొమ్మకి వేసి ఉంటే ఏటవాలు దూరం 22.4 మీటర్లు వచ్చేది. దాన్ని టాన్‌తో కాదు, 48 డిగ్రీల సైన్‌తో గుణించాలి. అంటే 0.743తో. వచ్చేది 16.6, కంటి ఎత్తు కలిపితే 18.1. టేపుకి ఎంత దగ్గరో చూడండి. ఈ పద్ధతిలో ఇంకో సుఖం ఉంది. మీరు గురి పెట్టింది అసలు కొన కాకపోయినా జవాబు తక్కువ వస్తుందే తప్ప, లేని ఎత్తు రాదు. అందుకే నాలుగు వైపుల నుంచీ కొలిచి, వచ్చినవాటిలో పెద్దది తీసుకుంటాను.

కోణానికి ఫోన్‌లో క్లినోమీటర్ యాప్ చాలు. అదీ వద్దంటే స్కూలు కోణమానిని, దారం, దారానికి ఓ ఇనుప నట్టు. లేజర్‌ని మాత్రం ముందు పరీక్షించుకోవాలి. మా అపార్ట్‌మెంట్ పిట్టగోడ మీంచి తాడు వదిలి కొలిచి, అదే ఎత్తుని కింద నుంచి లేజర్‌తో పదిసార్లు తీశాను. ఒక్కోసారి మీటరు తేడా కొడుతుంది, సగటు బాగానే వస్తుంది. వాచ్‌మన్ నేను మేడని అమ్మకానికి కొలుస్తున్నాననుకుని టెన్షన్ పడ్డాడు, అది వేరే కథ.

ఇక అడవిలో పొడుగు చెట్లు వెతికి కొలవడం. ముందుగా అటవీ శాఖ అనుమతి. ఆ తర్వాత ఎక్కడ వెతకాలన్నది. కొండ నెత్తి మీద పొడుగు చెట్టు దొరకదు, అక్కడ గాలీ ఎక్కువ, మట్టీ తక్కువ. అరకు దారిలో అనంతగిరి వైపు వెళ్తే ఘాట్ రోడ్డు మలుపులో ఆగి, ఎదుటి లోయలోకి బైనాక్యులర్‌తో చూడండి. గెడ్డ (కొండవాగు) వెంబడి, మిగతా ఆకుల మీంచి తల పైకెత్తిన చెట్లు రెండో మూడో కనిపిస్తాయి. వాటిని గుర్తు పెట్టుకుని కిందకి దిగాలి. కాఫీ తోటల్లోని సిల్వర్ ఓక్‌లు నిటారుగా ఉంటాయి, చెయ్యి తిరగడానికి మంచివే కానీ అవి నాటినవి, పాత అడవి లెక్కలోకి రావు.

ఆకు రాలే కాలంలో వెళ్తే మద్ది, వేగిస లాంటివాటి కొనలు స్పష్టంగా కనబడతాయి. చలికాలం పొద్దున్నే మాత్రం వద్దు. మంచులో లేజర్ వేస్తే నాకు ముప్పై మీటర్ల చెట్టు 9 మీటర్లని చూపించింది, వెలుగు మంచుకే తగిలి తిరిగొచ్చేసింది మరి.

వాలులో మొదలు మీ కంటికి కింద ఉంటే, అక్కడికీ దూరం, కోణం తీసి అలాగే సైన్‌తో గుణించి కలపండి. అప్పుడు కంటి ఎత్తుతో పనిలేదు. మొదలు కంటికి పైన ఉంటే తీసెయ్యాలి. పొదలు అడ్డమైతే మాను మీద 1.37 మీటర్ల దగ్గర ఎర్ర రిబ్బను కట్టి, దానికే గురిపెట్టి, 1.37 కలుపుకుంటే సరి. చుట్టుకొలత తీసేదీ ఆ ఎత్తులోనే, వాలులో అయితే ఎగువ వైపు నిలబడి. తీగలుంటే టేపు వాటి కిందనుంచి పోనివ్వాలి. బూరుగలాగా మొదట్లో రెక్కలు కట్టిన మానుకి ఆ రెక్కల పైన కొలవాలి.

ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన హైపీరియన్ అనే రెడ్‌వుడ్ చెట్టు కాలిఫోర్నియాలో ఉంది. దాన్ని 2006లో కనిపెట్టారు, ఎక్కి కొన నుంచి టేపు వదిలి కొలిచారు, సుమారు 116 మీటర్లు. చూడ్డానికి జనం పోటెత్తి చుట్టూ నేలంతా తొక్కేయడంతో 2022లో ఆ చోటు మూసేశారు. అందుకే నేను కొలిచిన చెట్ల జీపీఎస్ అంకెలు నా పుస్తకంలోనే ఉంటాయి, ఎవరడిగినా ఇవ్వను.

ఓసారి గెడ్డ పక్కన ఓ పెద్ద మామిడి దగ్గర టేపు తీశాం. మాను మీద పసుపు, కుంకుమ. దారి చూపించడానికి వచ్చిన పెద్దాయన చెప్పులు విప్పి నిలబడి, "అమ్మోరి సెట్టు బాబూ. ఎత్తు కొలుసుకోండి, దానికేటి. టేపు మాత్రం సుట్టకండి" అన్నాడు. ఎత్తు 31.2 వచ్చింది. చుట్టుకొలత గడి ఖాళీగానే ఉంది.