ఊళ్లో పెద్దవాళ్ల ఇల్లు: ఒక్క వేసవిలో ఖాళీ చేసి అప్పగించడం ఎలా

ఇల్లు ఖాళీ చేయడానికి వెళ్లినవాళ్లు మొదటిరోజే చీపురు పట్టుకుంటారు. పొరపాటు అక్కడే మొదలవుతుంది. తాళం తీయకముందే పెరట్లోకి నడవండి. ఈ వేసవి పనులన్నింటిలో ఎంతమంది చేతులు కలిపినా తొందరపడనిది ఒక్కటే, పెరటి చెట్టు నుంచి ఒక మొక్కను వెంట తీసుకెళ్లడానికి కొమ్మకు వేరు పట్టించడం. దానికి ఆరు నుంచి పది వారాలు కావాలి. చివరివారంలో గుర్తొస్తే ఇక ఆ చెట్టు మీది కాదు.

నిమ్మ, దానిమ్మ, జామ, అంజూర లాంటివాటికి గాలి అంటు, అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేర్లు పుట్టించడం, బాగా పడుతుంది. పెన్సిలంత లావు నుంచి బొటనవేలంత లావు వరకు ఉన్న, ఆరోగ్యమైన కొమ్మ ఎంచుకోండి. కొస నుంచి సుమారు 40 సెంటీమీటర్ల కింద రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున బెరడును ఉంగరంలా చుట్టూ ఒలిచేయండి. కింద కనిపించే జిగురు పొరను కూడా కత్తి వీపుతో గీకాలి. చాలామందికి అంటు పట్టకపోవడానికి కారణం ఈ ఒక్క గీకుడు మానేయడమే. ఆ పొర మిగిలితే చెట్టు గాయాన్ని మాన్పేసుకుంటుంది, వేర్లు పుట్టించదు. తడిపి గట్టిగా పిండిన స్పాగ్నమ్ నాచును (నర్సరీల్లో దొరికే ఎండునాచు) గానీ కొబ్బరి పీచును గానీ పిడికెడు తీసుకుని గాయం చుట్టూ అదిమి, పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి, రెండు చివరలా బిగించి కట్టండి. పారదర్శకమైన కాగితమైతే వేర్లు బయటికే కనిపిస్తాయి. ఎండ నేరుగా తగిలే కొమ్మ అయితే పైన ఇంకో పొర కాగితమో గుడ్డో కప్పండి, లేకపోతే లోపల ఉడికిపోతుంది. ఒక్కో చెట్టుకు మూడు అంట్లైనా కట్టండి. అన్నీ పట్టవు.

ఇప్పుడు తాళం తీయవచ్చు. కానీ ఇంకా ఏదీ కదపకూడదు. ముందు ఫోటోలు. ప్రతి గదిని నాలుగు మూలల నుంచి, తర్వాత ప్రతి గోడనూ ఎదురుగా నిలబడి, ఆ తర్వాత ప్రతి అలమారనూ సొరుగునూ తెరిచి, ఉన్నది ఉన్నట్టే తీయండి. అటక మీద ఏముందో, తలుపు వెనక కొక్కేనికి ఏం తగిలించి ఉందో వదలొద్దు. మూడు గదుల ఇంటికి మూడు నాలుగు వందల ఫోటోలు అవుతాయి, పూట పని. రేపు పంపకాల్లో మాటామాటా వచ్చినప్పుడు ఇవే సాక్ష్యం. పదేళ్ల తర్వాత పిల్లలు అడిగేదేమో గోడ గడియారం ఖరీదు కాదు, అది ఏ గోడకు ఉండేదన్నది.

ఫోటోకు అందనిది చప్పుడు. ఫోన్‌ను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, తెల్లవారుజామున గది మధ్యలో ఒక పీట మీద ఉంచి పది నిమిషాలు రికార్డు చేయండి. వీధి తలుపు గొళ్లెం, చేతిపంపు, కిర్రుమనే మెట్టు, పైకప్పు మీద వాన, ఒక్కోటి విడిగా. ఫైలుకు పేరు అప్పుడే పెట్టాలి, లేదంటే అన్నీ ఒకటే గరగరలా వినిపిస్తాయి.

గుమ్మం చెక్క మీద పిల్లల ఎత్తు గుర్తులు ఉంటే ఆ పక్కనే కొలత టేపు నేల నుంచి పైదాకా అతికించి, కెమెరాను గుర్తుల ఎత్తులోనే పట్టుకుని ముక్కలు ముక్కలుగా ఫోటో తీయండి. కింద నుంచి పైకి తీస్తే కొలత తప్పుతుంది. తర్వాత పొడవాటి పలచని కాగితాన్ని గుమ్మానికి అంటించి గుర్తులను పెన్సిలుతో ఎక్కించుకోండి. ఆ చెక్క మేకులతో బిగించిన విడి పట్టీ అయితే ఊడదీసి తీసుకుపోవచ్చు, కానీ ఆ మాట అమ్మకానికి ముందే కొనేవారితో అనాలి. బేరం కుదిరాక గోడకు బిగించి ఉన్నవేవైనా ఇంటితోపాటే పోతాయని వాళ్లు అనుకోవడం సహజం.

కాగితాల దగ్గర మాత్రం నిదానించండి. వాటిని పెద్దవాళ్లు బీరువాలో మాత్రమే దాచరు. పుస్తకాల పేజీల మధ్య, అలమార అరల్లో పరిచిన కాగితం కింద, ఫోటో ఫ్రేముల వెనక, వంటింటి డబ్బాల్లో, పాత కోటు జేబుల్లో ఉంటాయి. ఏ పుస్తకాన్నీ దులపకుండా ఇవ్వొద్దు, ఏ బట్టనూ జేబు తడమకుండా ఇవ్వొద్దు. దొరికినవాటిని అక్కడే చదువుతూ కూర్చుంటే వేసవి అక్కడే అయిపోతుంది. మూడు పెట్టెలు పెట్టండి: ఆస్తి, పన్ను, బ్యాంకు, బీమా కాగితాలు ఒకదాంట్లో, ఉత్తరాలూ డైరీలూ చేతిరాతలూ రెండోదాంట్లో, మిగతావి మూడోదాంట్లో. చదవడం సాయంత్రాల పని. ఇంటి మరమ్మతుల రసీదులు చెత్తలా కనిపిస్తాయి గానీ ఆస్తి పెట్టెలోనే వేయండి. అమ్మకం మీద పన్ను లెక్క తేలేటప్పుడు వాటి అవసరం పడవచ్చు.

ఇల్లు చట్టరీత్యా ఎవరికి చెందుతుందో కాగితం మీద తేలకముందు ఒక్క చెంచా కూడా గడప దాటకూడదు. ఇది అనుమానం కాదు, చుట్టరికాన్ని కాపాడుకునే జాగ్రత్త.

ఫోటో ఆల్బములలో జిగురు పేజీల మీద ప్లాస్టిక్ పొర ఉండేవి అన్నిటికంటే ప్రమాదం. ఆ జిగురు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి ఫోటోను పట్టేస్తుంది. గోటితో లాగితే బొమ్మ చిరుగుతుంది. మైనం పూయని దంతాల దారాన్ని (డెంటల్ ఫ్లాస్) ఫోటో ఒక మూల కిందికి పోనిచ్చి, రంపం లాగుతున్నట్టు అటూ ఇటూ మెల్లగా కదుపుతూ రెండో మూల దాకా తీసుకెళ్లండి. అప్పటికీ రాకపోతే వదిలేసి పేజీతో సహా స్కాన్ చేయడమే మేలు. మామూలు ఫోటోలకు 600 డీపీఐ (స్కానర్ అంగుళానికి తీసుకునే చుక్కల లెక్క), స్లయిడ్లకూ నెగెటివ్‌లకూ 2400 నుంచి 4000. అసలు ప్రతిని నాణ్యత తగ్గని టిఫ్ ఫైలుగా, పంచుకునేదాన్ని చిన్నదైన జేపెగ్ ఫైలుగా ఉంచండి. పోస్టుకార్డంత ఫోటో 600 డీపీఐలో టిఫ్‌గా దాదాపు 25 మెగాబైట్లు అవుతుంది, కాబట్టి వెయ్యి ఫోటోలకు ఒక చిన్న హార్డ్‌డిస్కు, దానికి నకలుగా ఇంకొకటి వేరే ఇంట్లో ఉండాలి. వెనకవైపు రాత ఉంటే అదీ స్కాన్ చేయాలి. బాల్‌పెన్నుతో వెనక పేర్లు రాయొద్దు, ముందువైపు గీత ఉబ్బుతుంది. కవరు మీద ముందుగా రాసి, ఫోటోను తర్వాత అందులో పెట్టండి. అన్నిటికంటే ముఖ్యం, ఆ ముఖాలు గుర్తుపట్టే పెద్దవాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే వాళ్ల ఎదురుగా కూర్చుని ఒక్కో ఫోటో చూపిస్తూ మాటలు రికార్డు చేయడం. స్కానింగ్ వచ్చే ఏడాది కూడా చేసుకోవచ్చు, ఇది చేసుకోలేకపోవచ్చు.

పంపకాలు. వస్తువులకు అంకెలు వేసి, ఫోటోతో ఒక జాబితా చేసి, రాలేనివాళ్లకు కూడా పంపి రెండు వారాలు గడువు పెట్టండి. మార్కెట్లో విలువ ఉన్నవాటికి బయటివారి చేత ధర కట్టించి ఎవరు తీసుకుంటే వాళ్ల వాటాలో లెక్క వేయండి. మనసుకు మాత్రమే విలువైనవాటికి వంతులు. చీటీ వేసి వరస తీశాక ఒకటి, రెండు, మూడు అని ఎంచుకున్నాక మళ్లీ ఒకటి నుంచి కాకుండా మూడు, రెండు, ఒకటి అని వెనక్కి రావాలి. ముగ్గురున్నప్పుడు ప్రతిసారీ మొదటివాడే ముందు తీసుకుంటే మూడోవాడికి ఎప్పుడూ మిగిలిందే దక్కుతుంది. పిల్లలకు వంతులు మొదలుకాకముందే తలా ఒక వస్తువు కోరుకోనివ్వండి. వాళ్లు కోరేది చాలావరకు పెద్దల లెక్కలో లేనే లేని గరిటో, విరిగిన టార్చిలైటో అవుతుంది.

తేలనివాటికి ‘తర్వాత చూద్దాం’ పెట్టె ఒక్కటే ఉండాలి. పైన తేదీ రాయండి. రెండో పెట్టె మొదలైందంటే మీరు ఇల్లు ఖాళీ చేయడం లేదు, ఇంకో ఇంటికి మారుస్తున్నారు.

శుభ్రం చేసే పని ఇప్పుడు. ఎలుకల పెంటికలున్న చోట ఊడవకూడదు, వాక్యూమ్ వాడకూడదు. ఆ దుమ్ము ఊపిరిలోకి పోతే జబ్బులు వస్తాయి. తలుపులు కిటికీలు తెరిచి అరగంట బయట ఉండండి. తర్వాత చేతి తొడుగులతో, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి బాగా తడిపి, ఐదు నిమిషాలు ఆగి, కాగితంతో తుడిచి సంచిలో మూట కట్టండి. ఆ బ్లీచింగ్‌లో అమోనియా గానీ ఆమ్లం ఉన్న మరుగుదొడ్డి ద్రవం గానీ కలపొద్దు, విషవాయువు పుడుతుంది. షెడ్డులోని పాత పురుగుమందులు, కిరోసిన్, పెయింటు సీసాలను ఒకదాంట్లో ఒకటి పోయకుండా, కాలువలో పారబోయకుండా, ఉన్న సీసాలతోనే నిలువుగా ఇసుక పోసిన పెట్టెలో పెట్టి ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటికి చేర్చండి. పాత సిమెంటు రేకుల్లో ఊపిరితిత్తులకు హాని చేసే ఆస్బెస్టాస్ పీచు ఉందేమోనని అనుమానించి, వాటిని పగలగొట్టకుండా వదిలేయండి. పురుగు పట్టిన పుస్తకాలను గాలి చొరని సంచిలో కట్టి ఇంటి ఫ్రీజర్‌లో, అంటే మైనస్ 18 డిగ్రీల దగ్గర, రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పొద్దు, విప్పితే చెమ్మ పేజీల మీదే పడుతుంది.

పుస్తకాలు చిన్న పెట్టెల్లోనే, 15 కిలోలు మించకుండా. లోలకం గడియారంలో ముందు లోలకం తీసేయండి. అలా వదిలేస్తే దారిలో ఊగి లోపలి భాగాలను వంచేస్తుంది. పడుకోబెట్టి తీసుకెళ్లిన ఫ్రిజ్‌ను నిలబెట్టాక కనీసం కొన్ని గంటలు ఆగి స్విచ్ వేయండి. ఇంట్లోనే వదిలేస్తుంటే తలుపు మధ్యలో గుడ్డ పెట్టి ఓరగా ఉంచండి, మూసేస్తే బూజు. పెద్ద బీరువా కొలిచాక తలుపు కొలవండి. పాత ఇళ్లలో బీరువా లోపలికి వెళ్లాకే గుమ్మం ఇరుకు చేసినవి ఉంటాయి, అప్పుడు విప్పక తప్పదు. మేకులూ మరలూ ఒక కవర్లో వేసి ఆ బీరువా తలుపుకే అతికించండి.

ఇల్లు ఎక్కువ రోజులు ఖాళీగా ఉండబోతుంటే బీమా కంపెనీకి ముందే రాతపూర్వకంగా చెప్పండి. చాలా పాలసీల్లో 30 నుంచి 60 రోజులకు మించి మనుషులు లేని ఇంటికి రక్షణ తగ్గిపోతుంది. బావి ఉంటే దానికి తాళం వేయగల మూత బిగించండి.

కొత్తవారికి ఒక నోటుపుస్తకం రాసి ఇవ్వండి. ఇన్నేళ్లూ ఆ ఇల్లు ఎలా నడిచిందో పెద్దవాళ్ల బుర్రలోనే ఉండి ఉంటుంది. నీళ్లు పూర్తిగా కట్టే వాల్వు ఎక్కడ, ఏ ఫ్యూజు ఏ గదిది, పడమటి వానకు ఏ కిటికీ కారుతుంది, ఏ తాళంచెవి కాస్త పైకెత్తి తిప్పాలి. సెప్టిక్ ట్యాంకు మూత మట్టిలో పూడిపోయి ఉంటే ‘జామచెట్టు దగ్గర’ అని రాస్తే చాలదు, చెట్టు కొట్టేయవచ్చు. ఇంటి రెండు మూలల నుంచి ఆ మూతకు టేపుతో దూరాలు కొలిచి రెండు అంకెలూ రాయండి. ఆ రెండు దూరాలు కలిసేచోటే తవ్వుతారు.

చివరి మూడు రోజులకు ఏ పనీ పెట్టుకోవద్దు. రెండు చాపలు, ఒక పొయ్యి, నాలుగు గిన్నెలు మాత్రం మిగిల్చి అందరూ అక్కడే పడుకోండి. ఖాళీ గదుల్లో మాట ప్రతిధ్వనిస్తుంది, అది మొదటిరాత్రి అందరికీ ఇబ్బందిగానే ఉంటుంది.

వెళ్లేరోజు ఉదయం ప్లాస్టిక్ కాగితం లోపల తెల్లని వేర్లు కనిపిస్తున్న అంట్లను కట్టు కింద నుంచి కత్తిరించండి. ప్లాస్టిక్ తీసేసి, నాచు విప్పకుండానే కుండీలో పెట్టి, సగం ఆకులు తుంచేయండి. ఆకులన్నీ ఉంటే ఆ కొన్ని వేర్లు నీళ్లు అందించలేవు. తర్వాత కరెంటు, నీటి మీటర్ల అంకెలకు తేదీ కనిపించేలా ఫోటో తీసి, మెయిన్ స్విచ్ దించి, తాళంచెవులకు చీటీలు కట్టి ఇచ్చేయండి. కుండీని వాహనంలో ఎండ తగలని వైపు పెట్టి, ఇంటికి చేరాక రెండు మూడు వారాలు నీడలోనే ఉంచండి.