పాత ఫ్యాక్టరీలో లీన్ ఎలా మొదలుపెట్టాలి? ముందు ఒక్క ప్రెస్సు పట్టుకోండి

లీన్ (వృథాను తగ్గించి, అవసరమైనంతే తయారుచేసే పద్ధతి) అనగానే చాలా కంపెనీలు గచ్చు మీద పసుపు గీతలు గీయించి, గోడలకు పోస్టర్లు అంటిస్తాయి. రెండు నెలలు తిరిగేసరికి ఆ గీతల మీదే బిన్‌లు పేర్చి ఉంటాయి. ముందు చూడాల్సింది సరుకు ఎందుకు పేరుకుంటోందని. రేకును ప్రెస్సులతో కొట్టి భాగాలు చేసే ప్రెస్ షాపులో తరచూ కారణం డై (అచ్చు) మార్పిడే. గంటన్నర పడుతుంటే ఏ సూపర్‌వైజరైనా ఎక్కించిన డైతో వారానికి సరిపడా కొట్టించేస్తాడు. అతన్ని తప్పుపట్టలేం.

లెక్క చూడండి. ఒక మార్పిడికి 90 నిమిషాలు పోతున్నాయి. దాన్ని 20కి దించితే నాలుగుసార్లు మార్చినా పోయేది 80 నిమిషాలే. బ్యాచ్‌ను పావు వంతుకు దించినా నష్టం లేదు.

ఎక్కువ రకాల డైలు ఎక్కే ప్రెస్సును ఎంచుకోండి. పాత డై ఆఖరి పీసు నుంచి కొత్త డై తొలి మంచి పీసు దాకా ఫోనులో వీడియో తీయండి. ముందుగా డై సెట్టర్‌కు, యూనియన్ ఉంటే వాళ్లకూ చెప్పాలి. లేకపోతే తప్పులు పట్టడానికి వచ్చారనుకుంటారు. మిగిలిన సమయం వల్ల ఎవరి ఉద్యోగమూ పోదని యాజమాన్యం నోటీసు బోర్డులో రాసిపెట్టాలి. నోటిమాటను ఎవరూ నమ్మరు.

ఆ వీడియోను సెట్టర్‌తో కలిసి చూస్తూ, ఒక్కో పనీ ప్రెస్సు ఆగి ఉంటేనే అవుతుందా అని అడగండి. డై వెతకడం, ఫోర్క్‌లిఫ్ట్ కోసం నిలబడడం, స్పానర్ ఎవరు పట్టుకెళ్లారో ఆరా తీయడం: ఇవన్నీ ప్రెస్సు నడుస్తుండగానే ముగియాలి. ఫస్ట్ పీస్ క్వాలిటీ రూముకు వెళ్లకూడదు, ఇన్‌స్పెక్టరే గేజీతో ప్రెస్సు దగ్గరికి రావాలి.

ఇక ఆగి ఉన్నప్పుడే చేయాల్సిన పనులు. ఎత్తైన డైకి సమానంగా మిగతా డైల అడుగున ప్యాకింగ్ ప్లేట్లు బిగించేస్తే ర్యామ్ (ప్రెస్సులో పైకీ కిందికీ కదిలే భాగం) సర్దే పని పోతుంది. ప్లేటును విడిగా ఉంచొద్దు, ఎక్కడో పోతుంది. క్లాంపు పట్టే అంచుల మందం అన్ని డైలకూ ఒకటైతే ఒకే పొడవు బోల్టు చాలు. బోల్టును పదిహేను చుట్లు తిప్పినా పట్టు ఇచ్చేది ఆఖరి చుట్టే, కాబట్టి రంధ్రం బదులు యు ఆకారపు గాడి కోయించండి. బెడ్ మీద రెండు లొకేటింగ్ పిన్నులుంటే డైని సుత్తితో తడుతూ సరిచేయక్కర్లేదు. టయోటాలో 1,000 టన్నుల ప్రెస్సు డై మార్పిడిని జపాన్ ఇంజినీరు షిగెయో షింగో 1969లో నాలుగు గంటల నుంచి 90 నిమిషాలకు, ఆపై మూడు నిమిషాలకు దించింది ఇలాంటి మార్పులతోనే. అయితే మెయిన్ స్విచ్ ఆపకుండా, ర్యామ్ కింద సేఫ్టీ బ్లాకు పెట్టకుండా ఎవరూ చేయి పెట్టకూడదు. హడావిడిలో ముందుగా వదిలేసేది దీన్నే.

మిగిలిన సమయంలో ఇంకో వెయ్యి పీసులు కొట్టించాలనిపిస్తుంది. పీసుల లెక్కన ఇన్సెంటివ్ ఉంటే కొట్టించేస్తారు కూడా. ముందు ఆ ఇన్సెంటివ్ మార్చి, తర్వాత కాన్‌బాన్ కార్డులు (వాడిన బిన్‌ను మళ్లీ నింపమని చెప్పేవి) పెట్టండి. రోజు వాడకం 600, మళ్లీ నింపడానికి ఒకటిన్నర రోజు, భద్రత కోసం 20 శాతం అదనం: మొత్తం 1,080 పీసులు. బిన్‌కు 90 పడితే 12 కార్డులు. కార్డు రాకుండా ఒక్క బిన్ కూడా నింపొద్దు.

నెల రోజులు సాఫీగా నడిచాక ఒక కార్డు తీసేసి, ఏ పీసు దగ్గర లైను ఆగుతుందో గమనించండి. తర్వాతి వీడియో తీయాల్సింది అక్కడే.