బండి రేకుకి కన్నం పెట్టకుండా మంచం, డ్రాయర్లు

నా దగ్గరున్నది పాత స్కార్పియో, ఫోర్ బై ఫోర్, వెనక ఎదురెదురు సీట్లుండే రకం. వీలు దొరికినప్పుడల్లా సాలూరు మీదుగా సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి దాటి, ఒడిశాలో దేవమాలి వైపు కొండల్లో ఒక రాత్రి పడుకుని రావడం నా పిచ్చి. మిగతా రోజులు అదే బండి విజయనగరంలో పిల్లల్ని బడికి దింపాలి, ఊరి నుంచి ధాన్యం బస్తాలు తేవాలి, పెళ్లిళ్లకి చుట్టాల్ని ఎక్కించుకోవాలి. కాబట్టి లోపల ఏం కట్టినా అరగంటలో విప్పేయగలగాలి, రేకుకి ఒక్క కొత్త కన్నం కూడా పడకూడదు.

కన్నం ఎందుకొద్దంటే, కింద బ్రేకు పైపులు, వైర్లు, డీజిల్ ట్యాంకు ఎక్కడున్నాయో చూడకుండా డ్రిల్ దించితే అయిపోయినట్టే. అది తప్పించుకున్నా మన సముద్రపు గాలికి ఆ కన్నం అంచున మొదలైన తుప్పు ఆగదు. పైగా మోటారు వాహనాల చట్టం 1988 సెక్షన్ 52 ఒకటుంది, ఆర్సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. సీట్లు శాశ్వతంగా పీకేసి ఫర్నిచర్ బిగిస్తే రేపు ఎక్కడో ఒకచోట సమాధానం చెప్పుకోవాలి.

మనం కట్టేది వెనక సీట్ల చోట డ్రాయర్లున్న ప్లైవుడ్ పెట్టెలు, వాటి మీద పరిచే మంచం పలకలు. వాటిని బిగించడానికి వెనక సీట్లు విప్పితే ఖాళీ అయ్యే బోల్టు కన్నాలే మన ఆధారం. సీటు విప్పాక ఆ బోల్టు ఒకటి జేబులో వేసుకుని హార్డ్‌వేర్ షాపుకి వెళ్లండి, 'ఇదే మర, ఇంకో అరంగుళం పొడవు కావాలి' అని అడగండి, సైజు గుర్తుపెట్టుకోవడం కంటే అదే నయం. మర కలవని బోల్టుని బలవంతంగా తిప్పితే లోపలి నట్టు పాడవుతుంది, తర్వాత సీటు కూడా బిగించలేరు. సీటు బెల్టు బోల్టుల జోలికి మాత్రం వెళ్లకండి, అవి మనిషి ప్రాణానికి పెట్టినవి, పెట్టెకి కావు.

కొలతల దగ్గర తొందరపడొద్దు. మధ్య సీటు వీపుని ముందుకి మడిచాక దాని పైభాగం వెనక ఫ్లోర్ నుంచి ఎంత ఎత్తులో ఉందో అదే మీ పెట్టెల ఎత్తు, అప్పుడే పలకలు సమంగా పరుచుకుని కాళ్లు చాపుకోవడానికి ఆరడుగులు వస్తుంది. తర్వాత ఫ్రిజ్ షాపులో పాత అట్టపెట్టెలు అడిగి తెచ్చి, పెట్టెల ఆకారంలో కోసి టేపు వేసి బండిలో పెట్టి చూడండి. డోర్ మూసుకుంటుందా, డ్రాయర్ లాగితే డోర్ అంచుకి తగులుతుందా, జాకీ, స్పేర్ టైరు దించే రాడ్డు చేతికి అందుతున్నాయా, పరుపు వేసుకుని కూర్చుంటే తల పైకప్పుకి కొట్టుకుంటుందా, ఇవన్నీ అట్టతోనే తెలిసిపోతాయి. నేను ఈ పని చెయ్యకుండా నేరుగా ప్లైవుడ్ కోయించాను. వడ్రంగి మేస్త్రి బండిలోకి తొంగి చూసి 'ఏటి బాబూ ఇది, మంచమా బీరువానా?' అన్నాడు. పడుకుంటే ముక్కుకి పైకప్పుకి జానెడు ఖాళీ కూడా లేదు మరి.

ప్లైవుడ్ 12 ఎంఎం చాలు. తేమకి తట్టుకునే మెరైన్ ప్లై, ఐఎస్ 710 అని ముద్ర ఉన్నది తీసుకోండి. 8 బై 4 షీటు 12 ఎంఎంలో సుమారు 24 కిలోలు తూగుతుంది, 18 ఎంఎం అయితే 35 దాకా పోతుంది, ఇంటి వార్డ్‌రోబ్ అలవాటుతో మేస్త్రి 18 అంటాడు, వినకండి. మా చుట్టం ఒకాయన బొబ్బిలి వీణకి వాడే పనస చెక్కతో చేయించమన్నాడు. ఒకే మానుని తొలిచి వీణ చెయ్యడానికి అది బంగారమే, నేను ఒంటరిగా ఎత్తి దించాల్సిన పెట్టెకి మాత్రం వద్దు. అసలు ఒకటే పెద్ద పెట్టె చెయ్యకుండా కుడి ఎడమలకి రెండు చెయ్యండి, ఒక్కోటీ డ్రాయర్‌తో కలిపి 20 కిలోలకి అటూ ఇటూ ఉంటే ఒక్క మనిషే దించుకోవచ్చు.

బిగింపు పని వెల్డింగ్ షాపుది. 5 ఎంఎం ఇనప ఎల్ యాంగిల్ ముక్కలు కోయించి, కింది రెక్కకి సీటు బోల్టు కన్నం, పై రెక్కకి పెట్టె బోల్టు కన్నం వేయించి ప్రైమర్ కొట్టండి. పెట్టె వైపు నైలాక్ నట్లు (లోపల నైలాన్ రింగు ఉండి అదురుకి వదులవ్వనివి), పెద్ద వాషర్లు వాడండి, రెక్కల నట్టు చేత్తో తిప్పడానికి సులువే గానీ గతుకుల్లో వదులైపోతుంది. యాంగిల్ కింద పాత ట్యూబు రబ్బరు ముక్క వేస్తే కిర్రుకిర్రు చప్పుడు తగ్గుతుంది. ఈ విషయంలో నాకు బాగా పనికొచ్చింది సాలూరులో లారీ బాడీలు కట్టే మేస్త్రీల సలహానే, వాళ్లకి కదిలే బండిలో చెక్క ఎక్కడ చీలుతుందో తెలుసు, ఇంటి ఫర్నిచర్ చేసేవాళ్లకి ఆ లెక్క ఉండదు. గట్టిగా బ్రేకు కొడితే రెండు పెట్టెల 40 కిలోలూ నేరుగా డ్రైవర్ వీపు మీదకే వస్తాయి, అందుకని నాలుగు బోల్టులూ పడ్డాకే బండి కదపండి, దానికి తోడు సామాను లాగి బిగించే రాట్చెట్ బెల్టు కూడా ఒకటి వేయండి.

డ్రాయర్ ఛానెల్, అంటే డ్రాయర్ జారే పట్టాల దగ్గర నేను డబ్బు మిగిల్చాలని చూసి దెబ్బతిన్నాను. ఇంట్లో వాడే మామూలు టెలిస్కోపిక్ ఛానెల్ వేయించాను, సుంకి ఘాట్ మలుపుల్లో ఒక్కసారిగా డ్రాయర్ బయటికి తన్నుకొచ్చి కందిపప్పు, ఉప్పు, స్టీలు గ్లాసులు బండంతా పరుచుకున్నాయి. ఇంటికొచ్చాక మూడు రోజులు పప్పు ఏరుకున్నాం. లోపలికి తోసినప్పుడూ, పూర్తిగా లాగినప్పుడూ లాక్ పడే హెవీ డ్యూటీ ఛానెల్ కొనండి, దాని మీద ఎన్ని కిలోలు మోస్తుందో రాసి ఉంటుంది, మీ సామాను దానిలో సగమే ఉండేలా చూసుకోండి, ఎందుకంటే ఆ లెక్క కదలని గదిలోది. లేదంటే ఛానెలే వద్దు, చెక్క పట్టీ మీద కొవ్వొత్తి రుద్ది డ్రాయర్‌ని జారనివ్వండి, ముందు ఒక గొళ్లెం పెట్టండి. ఇసుక పడినా తుడిచేస్తే సరి. ఇప్పుడు నా రెండో డ్రాయర్ అలాంటిదే, చెప్పాలంటే నాకు అదే నచ్చింది.

మంచం పలకలు మూడు ముక్కలు చేసి పెట్టెల మీద పరుచుకోవడమే, కింద చిన్న చెక్క అడ్డలు వేస్తే జరగవు. మధ్య ముక్కని డ్రాయర్ మీద అడ్డంగా పెడితే వంట బల్ల అవుతుంది. పైన 2 అంగుళాల ఫోమ్ చాలు, దాన్ని కూడా మూడు ముక్కలుగానే కోయించండి.

బరువైనవన్నీ కింద, వెనక ఇరుసుకి దగ్గరగా పెట్టండి. 20 లీటర్ల నీళ్ల డబ్బా అంటే 20 కిలోలు, అది పైన ఉంటే మలుపులో బండి ఊగడం మీకే తెలుస్తుంది. కరెంటుకి నేను పెద్దగా ఏం పెట్టలేదు, ఒక ఎల్ఈడీ పట్టీ, ఫోన్ ఛార్జర్, అంతే. మీరు బ్యాటరీ నుంచి వైరు లాగితే మాత్రం ఫ్యూజు బ్యాటరీ పక్కనే ఉండాలి, చివర్లో కాదు. స్టవ్ ఎంత వాన పడుతున్నా బండి లోపల వెలిగించకండి, బయట టార్పాలిన్ కట్టుకుని వండుకోండి. పడుకునేటప్పుడు రెండు వైపులా అద్దాలు కాస్త దించి, అయస్కాంతాలు కుట్టిన దోమతెర డోర్ ఫ్రేమ్‌కి అంటించండి, ఏజెన్సీలో దోమల సంగతి మీకు వేరే చెప్పాలా.

కళింగపట్నం, బారువ వైపు వెళ్లేవాళ్లు స్క్రూలన్నీ తొందరగా తుప్పు పట్టని ఎస్ఎస్ 304 స్టీలువి వాడండి, ప్లైవుడ్ కోసిన అంచులకి రెండుసార్లు వార్నిష్ కొట్టండి, తేమ అక్కడి నుంచే లోపలికి దిగుతుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆ తీరంలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి, బండి ఇసుకలోకి దించకుండా రోడ్డు పక్కనే ఆపి లైట్లు ఆర్పేయండి.

ఇక విప్పిన సీట్ల బోల్టులు, వాషర్లు ఒక కవర్లో వేసి ఆ సీటు కమ్మీకే కట్టేయండి. నేను టూల్ బాక్సులో పడేశాను, పైడితల్లి సిరిమానోత్సవం ముందు రోజు తొమ్మిది మంది చుట్టాలు గుమ్మంలో నిలబడి ఉంటే నేను గంటస్తంభం దగ్గర షాపుల్లో బోల్టుల కోసం తిరుగుతున్నాను.