వీఎఫ్‌డీ కోసం ఇండక్షన్ మోటార్ మోడల్ – 3వ పాఠం: సర్క్యూట్‌లో అంకెలు నింపడం

వీఎఫ్‌డీ అంటే ఫ్రీక్వెన్సీని మార్చి మోటారు వేగాన్ని మార్చే డ్రైవ్. పోయిన పాఠంలో ఒక ఫేజుకు ఈక్వివలెంట్ సర్క్యూట్ (మోటారును రెసిస్టెన్స్‌లు, రియాక్టెన్స్‌లుగా చూపే బొమ్మ) గీసి వదిలేశాం. ఇప్పుడు అందులో అంకెలు నింపాలి. లెక్క కోసం 5 హెచ్‌పీ, 415 వోల్టులు, 50 హెర్ట్జ్, 4 పోల్, 7.2 ఆంపియర్ల మోటారు తీసుకుందాం.

ముందు స్టేటర్ (కదలని భాగం) వైండింగ్ రెసిస్టెన్స్. మల్టీమీటరు ఓమ్ రేంజితో కొలవకండి. ఒకటి రెండు ఓమ్‌ల దగ్గర ప్రోబ్ వైర్ల రెసిస్టెన్సే లెక్కను పాడుచేస్తుంది. రెండు టెర్మినళ్ల మధ్య 5 ఆంపియర్ల డీసీ పంపి, వోల్టేజిని టెర్మినల్ బోల్టుల మీదే కొలవండి. 16 వోల్టులు వచ్చిందనుకోండి: 3.2 ఓమ్‌లు, అందులో సగం 1.6. స్టార్ అయినా డెల్టా అయినా సగమే. డెల్టా అయితే వచ్చేది దాని స్టార్ సమానం. మన సర్క్యూట్‌కు కావలసిందీ అదే.

ఈ 1.6 చల్లటి వైండింగ్‌ది, 30 డిగ్రీల దగ్గరిది. రాగికి (234.5 + వేడి) ÷ (234.5 + చలి) సూత్రం వేస్తే 90 డిగ్రీల దగ్గర 1.96 అవుతుంది. 50 హెర్ట్జ్ దగ్గర ఈ తేడా లెక్కలోకి రాదు. డ్రైవ్ ఫ్రీక్వెన్సీతో పాటే వోల్టేజినీ తగ్గిస్తుంది కనుక, 5 హెర్ట్జ్‌కు దిగితే ఫేజు వోల్టేజి 240 నుంచి 24కు పడిపోతుంది, ఫుల్ లోడు కరెంటుకు స్టేటర్‌లో పోయే వోల్టేజేమో 14. మోడల్‌లో 1.6 వేసుకుంటే 11.5 అనుకుంటాం. ఫ్లక్స్ తగ్గి, లోడు మీద మోటారు కదలక మొండికేసేది ఇక్కడే.

కేబుల్‌నూ మరవొద్దు. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్ 60 మీటర్లుంటే ఫేజుకు దాదాపు 0.44 ఓమ్. అందుకే ఆటోట్యూన్ (డ్రైవ్ తనే మోటారు విలువలు కొలుచుకోవడం) ఎప్పుడూ అసలు కేబుల్ తగిలించే చేయాలి.

తర్వాత నో లోడ్ టెస్టు. కప్లింగ్ విప్పి 415 వోల్టులు ఇవ్వండి. 3.2 ఆంపియర్లు, 240 వాట్లు. ఇక్కడ పవర్ ఫ్యాక్టర్ 0.1 దగ్గర ఉంటుంది కాబట్టి రెండు వాట్‌మీటర్లలో ఒకటి రివర్స్ కొడుతుంది: ఒకటి 780, రెండోది మైనస్ 540. కాయిల్ కనెక్షన్ తిప్పి, గుర్తు మరిచి కలిపేస్తే 1320 వాట్లు వస్తుంది, లెక్కంతా తప్పుతుంది. సరిగా చేస్తే రియాక్టెన్స్ 74.5 ఓమ్‌లు.

లాక్డ్ రోటర్ టెస్టుకు షాఫ్ట్‌ను గట్టిగా బిగించి, వేరియాక్‌ను (వోల్టేజిని మార్చే ట్రాన్స్‌ఫార్మర్) సున్నా నుంచి మెల్లగా పెంచండి. 7.2 ఆంపియర్లు రాగానే ఆగండి. 82 వోల్టులు, 460 వాట్లు. ఫ్యాన్ తిరగదు కనుక కొన్ని సెకన్లలో చదివి ఆపేయాలి. మొత్తం రెసిస్టెన్స్ 2.96, రియాక్టెన్స్ 5.87. రియాక్టెన్స్‌ను చెరి సగం పంచితే లీకేజి 2.94 చొప్పున, దాన్ని 74.5లోంచి తీసేస్తే మాగ్నటైజింగ్ 71.6. రోటర్‌కు 2.96 – 1.6 = 1.36 అని ఆగిపోకండి. దాన్ని 74.5 ÷ 71.6 వర్గంతో గుణించాలి: 1.47.

ఇందులో ఒక మెలిక ఉంది. రోటర్ ఆగి ఉంటే దాని బార్లలో 50 హెర్ట్జ్ పారుతుంది, పరుగులోనేమో రెండు మూడు హెర్ట్జే. లోతైన బార్లలో స్కిన్ ఎఫెక్ట్ (కరెంటు బారు అంచుకు చేరడం) వల్ల ఆగి ఉన్నప్పటి రెసిస్టెన్స్ ఎక్కువ చూపిస్తుంది. వీలైతే 12.5 హెర్ట్జ్ సైన్ సప్లయితో చేసి, వచ్చిన రియాక్టెన్స్‌ను నాలుగుతో గుణించండి. సైన్ సప్లయే ఎందుకంటే, డ్రైవ్ అవుట్‌పుట్ పల్సుల రూపంలో ఉంటుంది, మామూలు మీటర్లు దాని మీద తప్పు చదువుతాయి.

ఇక వెక్టర్ కంట్రోల్‌కు (ఫ్లక్స్‌ను, టార్క్‌ను విడివిడిగా నడిపే పద్ధతి) ప్రాణం లాంటి అంకె, రోటర్ టైమ్ కాన్‌స్టెంట్: రోటర్ ఇండక్టెన్స్‌ను దాని రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చేది. 74.5 ÷ 314 = 0.237 హెన్రీ, దాన్ని 1.47తో భాగిస్తే 0.16 సెకన్లు. అల్యూమినియం రోటర్ 30 నుంచి 130 డిగ్రీలకు వేడెక్కితే రెసిస్టెన్స్ 2.05 అయి, ఇది 0.116కు దిగుతుంది. అప్పుడు డ్రైవ్ పాత 0.16తోనే లెక్కగట్టే స్లిప్ (తిరిగే అయస్కాంత క్షేత్రం కన్నా రోటర్ వెనకబడే వేగం) అసలు కావలసినదానికన్నా తక్కువ. పొద్దున బాగా తిరిగిన మిషను మధ్యాహ్నానికి టార్క్‌లో తేడా చూపించడానికి ఇదొక కారణం.

రెండు విలువలూ రాసి పెట్టుకోండి. వచ్చే పాఠంలో డీ–క్యూ సమీకరణాల్లో (మూడు ఫేజులను రెండు అక్షాలకు మార్చి రాసేవి) ముందు 0.16, తర్వాత 0.116 వేసి టార్క్ ఎంత తప్పుతుందో చూద్దాం.