అరవై దాటాక సైకిల్ ఎంపిక: రోడ్, గ్రావెల్, ఎలక్ట్రిక్ – కొనేముందు, తొలి నెలలో తీసుకోవాల్సిన జాగ్రత్తలు

వయసు పైబడ్డాక సైకిల్ మీంచి పడేది వేగంగా పోతున్నప్పుడే అనుకుంటారు చాలామంది. నిజానికి ఎక్కుతున్నప్పుడు, దిగుతున్నప్పుడు, ఆగి కాలు కింద పెట్టబోతున్నప్పుడు పడేవాళ్లూ చాలామందే. కాబట్టి మూడు రకాల్లో ఏది కొనాలన్న ప్రశ్నకు జవాబు వేగంలోనో బరువులోనో వెతక్కండి. ఎక్కి దిగడం, ఆపడం, ఎత్తడం – ఈ మూడు పనులూ తడబడకుండా చేయగలిగే సైకిలే మీది. రోడ్డు ఎలాంటిదన్నది ఆ తర్వాతి సంగతి.

కొట్టుకు వెళ్లేముందు ఇంట్లోనే ఒక పరీక్ష చేసుకోండి. పక్కన గోడ ఉండేలా చూసుకుని ఒంటి కాలి మీద పది సెకన్లు నిలబడండి. రెండు కాళ్లతోనూ విడివిడిగా చేయాలి. నిలబడలేకపోతే, లేదా తుంటి పట్టేసి కాలు సీటు ఎత్తుకు లేవకపోతే, పైన అడ్డకడ్డీ ఉన్న ఫ్రేమ్ వద్దు. కాలు ముందు నుంచే దాటించుకునే వీలున్న, కిందికి వంగిన ఫ్రేమే తీసుకోండి. ఇది ఆడవాళ్ల సైకిల్ అన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు. అడ్డకడ్డీ ఉన్నదే తీసుకునేవాళ్లు దాని మీదుగా రెండు కాళ్లూ నేల మీద ఆన్చి నిలబడి చూడాలి. కడ్డీకీ శరీరానికీ మధ్య కనీసం మూడు సెంటీమీటర్లు, కంకర దారుల్లో తిరిగేవాళ్లకు ఐదు సెంటీమీటర్లు ఖాళీ ఉండాలి.

ముందుగా డాక్టర్‌తో మాట్లాడాల్సినవి కొన్ని ఉన్నాయి. గుండె జబ్బు, ఎముకలు గుల్లబారడం, లేచి నిలబడగానే కళ్లు తిరగడం, మెడ నరాల నొప్పి వంటివి ఉంటే ముందే చెప్పండి. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లు చేతి గడియారం చూపే గుండె వేగాన్ని నమ్ముకుని శ్రమను కొలవకూడదు. ఎంత కష్టపడ్డా ఆ అంకె పెద్దగా పెరగదు. తొక్కుతూ పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే వాళ్లకు సరైన కొలత. మెడ పక్కకు పూర్తిగా తిరగనివాళ్లు హ్యాండిల్‌కు అద్దం తప్పనిసరిగా పెట్టించుకోవాలి. వెనక్కి చూడటానికి నడుము తిప్పితే సైకిల్ కూడా అటే మళ్లుతుంది.

రోడ్ సైకిల్ ఎవరికి

ఎనిమిది, తొమ్మిది కిలోల బరువు, సన్నని టైర్లు, వంగి తొక్కే భంగిమ. ఏళ్లుగా తొక్కుతూ నడుము, మెడ ఇంకా వంగుతున్నవాళ్లకు ఇది హాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు మాత్రం మొదటి ఎంపికగా సలహా ఇవ్వలేం. హ్యాండిల్ కిందికి ఉంటే శరీరం బరువు అరచేతుల మీద పడి ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతాయి. తల పైకెత్తి చూసీ చూసీ మెడ పట్టేస్తుంది. కొంటే హ్యాండిల్ సీటుతో సమానంగా, లేదా రెండు మూడు సెంటీమీటర్లు పైకి పెట్టుకునే వీలున్న 'ఎండ్యూరెన్స్' రకమే కొనండి. కనీసం 32 మిల్లీమీటర్ల టైరు పట్టే చోటుందో లేదో ముందు చక్రాన్ని రెండు వైపులా పట్టే ఫోర్క్ దగ్గరా, వెనక బ్రేకు దగ్గరా అడిగి తెలుసుకోండి.

చిన్న సైజు రోడ్ సైకిళ్లలో మరో ప్రమాదం ఉంది. పెడల్ ముందుకొచ్చినప్పుడు హ్యాండిల్ తిప్పితే బూటు కొన ముందు చక్రానికి తగులుతుంది. వేగంలో హ్యాండిల్‌ను అంతగా తిప్పం కాబట్టి తెలియదు. మెల్లగా మలుపు తిరిగేటప్పుడే పడేస్తుంది. కొట్టులోనే బూట్లు వేసుకుని కూర్చుని, పెడల్ ముందుకు పెట్టి, హ్యాండిల్ అటూ ఇటూ తిప్పి చూడండి.

గేర్లు లెక్కపెట్టి మోసపోకండి. చూడాల్సింది అన్నిటికంటే తేలికైన గేరు. ముందు పళ్ల చక్రానికి 39 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 25 పళ్లు ఉన్న పాత రకంలో నిమిషానికి 60 సార్లు తొక్కాలంటే దాదాపు 12 కిలోమీటర్ల వేగం కావాలి. నిటారు ఎత్తు మీద అది అయ్యే పని కాదు. అందుకే పెడల్ బరువెక్కి మోకాలి చిప్ప మీద భారం పడుతుంది. ముందు 30, వెనక 34 ఉంటే అదే తొక్కుడుకు ఏడు కిలోమీటర్ల లోపు వేగం చాలు. ముందు పళ్లు వెనక పళ్లకు సమానంగానో, ఇంకా తక్కువగానో ఉండాలన్నది గుర్తుంచుకుంటే చాలు.

గ్రావెల్ సైకిల్

కంకర, మట్టి దారుల్లోనూ వెళ్లగలిగేలా చేసిన సైకిల్ ఇది. మోటార్ అవసరం లేనివాళ్లలో ఎక్కువమందికి మా సలహా ఇదే. తొమ్మిదిన్నర నుంచి పదకొండు కిలోలు, 38 నుంచి 50 మిల్లీమీటర్ల టైర్లు, డిస్క్ బ్రేకులు, కొంచెం నిటారుగా కూర్చునే భంగిమ. దీనికే గట్లు లేని నున్నటి 38 లేదా 40 మిల్లీమీటర్ల టైరు వేస్తే తారు రోడ్డు మీద కూడా చక్కగా సాగుతుంది. రోడ్ సైకిల్‌ను గ్రావెల్‌గా మార్చడం మాత్రం కుదరదు, లావు టైరుకు ఫ్రేమ్‌లో చోటుండదు.

పొరపాటు జరిగేది టైరులో గాలి దగ్గరే. 70, 75 కిలోల మనిషికి 40 మిల్లీమీటర్ల ట్యూబ్‌లెస్ (లోపల ట్యూబు లేని) టైరులో 30 నుంచి 40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు. గట్టిగా ఉంటే బాగా పోతుందని 60 కొట్టిస్తే రాళ్ల మీద చక్రం ఎగిరి పట్టు పోతుంది, ఆ అదురంతా మణికట్టుకు వస్తుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు రిమ్ము దెబ్బతింటుంది. రిమ్ము అంచుకు కొక్కెం లేని రకమైతే 72.5 పీఎస్ఐ దాటకూడదు, దాటితే టైరు ఊడి రావచ్చు. టైరు మీదా రిమ్ము మీదా రాసిన గరిష్ఠ పరిమితుల్లో ఏది తక్కువో అదే మీ హద్దు. ట్యూబ్‌లెస్ టైరులో పోసే సీలెంట్ ద్రవం కొన్ని నెలల్లో ఎండిపోతుంది. మూడు నెలలకోసారి విప్పి చూసి, తగ్గితే నింపండి.

వదులు కంకర మీద మలుపులో ముందు బ్రేకు నొక్కితే చక్రం జారిపోతుంది. మలుపుకు ముందే, ఇంకా సూటిగా వెళ్తున్నప్పుడే వేగం తగ్గించుకోండి. మలుపులో బ్రేకులు వదిలి, చూపు మలుపు చివర పెట్టండి.

ఎలక్ట్రిక్ సైకిల్: ఎక్కువ జాగ్రత్త ఇక్కడే

మోకాళ్లు అరిగినవాళ్లకూ, ఎత్తులు ఎక్కాల్సినవాళ్లకూ, తోటివాళ్లతో కలిసి వెళ్లాలనుకునేవాళ్లకూ ఇది నిజంగా వరమే. కానీ 20 నుంచి 27 కిలోల బరువు. ఇంటికి మెట్లుంటే కొనేముందు బ్యాటరీ తీసేసి ఎత్తి చూడండి. బ్యాటరీ తీస్తే తగ్గేది రెండున్నర నుంచి మూడున్నర కిలోలే. ర్యాంపు మీద తోసుకెళ్లడానికి నడక మోడ్ ఉన్నదే తీసుకోండి. మీట నొక్కి పట్టుకుంటే నడక వేగంతో అదే కదులుతుంది. కారు వెనక ర్యాక్ మీద పెట్టేవాళ్లు ఒక్కో సైకిల్‌కు ఆ ర్యాక్ ఎంత బరువు మోస్తుందో చూసి, బ్యాటరీ తీసేసి పెట్టాలి.

మోటార్ శక్తి కంటే సెన్సర్ ముఖ్యం. పెడల్ తిరుగుతోందా లేదా అన్నది మాత్రమే చూసే చవక సెన్సర్ మోటార్‌ను ఆలస్యంగా మొదలుపెట్టి ఒక్కసారిగా ముందుకు నెడుతుంది, తొక్కడం ఆపాక కూడా ఓ క్షణం నెడుతూనే ఉంటుంది. ఇరుకులో వెనక్కి మళ్లేటప్పుడు పడేది దీనివల్లే. ఎంత బలంగా తొక్కుతున్నారో కొలిచే టార్క్ సెన్సర్ ఉన్నదైతే మీ కాలి బలానికి తగ్గట్టే సాయం చేస్తుంది. వయసు పైబడినవాళ్లు కొంచెం ఎక్కువ పెట్టి అయినా టార్క్ సెన్సర్ ఉన్నదే తీసుకోవాలి. ఏ రకమైనా సరే, ఆగి ఉన్నప్పుడు పెడల్ మీద కాలు ఆనించకండి, ఎక్కేముందు సాయాన్ని సున్నాకు తెచ్చుకోండి, ఆగేముందే తేలిక గేరుకు దించుకోండి.

మోటార్ వెనక చక్రంలో ఉంటే పంక్చర్ పెద్ద పని. వైరు కనెక్టర్ ఊడదీయాలి, ఇరుసు నట్లకు పెద్ద పానా కావాలి, బరువైన చక్రాన్ని లేపాలి. పంక్చర్ తట్టుకునే మందపు టైర్లు మొదటే వేయించండి. మోటార్ పెడళ్ల దగ్గర ఉంటే చక్రం తీయడం సులువే గాని చైన్, పళ్ల చక్రాలు త్వరగా అరుగుతాయి. చైన్ సాగుదలను కొలిచే గేజీ 0.5 శాతం చూపగానే చైన్ మార్చితే పళ్ల చక్రాలు మిగులుతాయి.

ఆపడం సంగతి లెక్క వేసి చెప్పాలి. 18 కిలోమీటర్ల వేగానికి అలవాటైన మనిషి 25లో వెళ్తే, బ్రేకు పట్టాక ఆగే దూరం దాదాపు రెట్టింపవుతుంది. బ్రేకు పట్టేలోపు గడిచే ఒక్క సెకనులోనే ఏడు మీటర్లు ముందుకెళ్లిపోతారు. అందుకే ఎలక్ట్రిక్ సైకిల్‌కు హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) డిస్క్ బ్రేకులే ఉండాలి. పట్టు తగ్గిన చేతులకు లివర్ దగ్గరకు జరుపుకునే వీలుండాలి. కొత్త బ్రేకులు మొదట్లో పూర్తిగా పట్టవు. ఖాళీ స్థలంలో ఓ మోస్తరు వేగం నుంచి మెల్లగా ఇరవై సార్లు, చక్రం లాక్ కాకుండా, బ్రేకు పట్టి వదలండి. దిగుడు దిగాక డిస్కును ముట్టుకోవద్దు, చర్మం కాలిపోతుంది.

బ్యాటరీ విషయంలో రాజీ వద్దు. దానితో వచ్చిన ఛార్జర్‌తోనే ఛార్జ్ చేయాలి. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడు అసలు వద్దు, ఎండలో కాగిన బ్యాటరీని నీడలో చల్లబరిచాకే పెట్టండి. పడుకునే గదిలో గానీ, బయటికి పారిపోవాల్సిన దారికి అడ్డంగా గానీ, రాత్రంతా ఎవరూ చూడకుండా గానీ ఛార్జింగ్ పెట్టకండి. నెలల తరబడి వాడకపోతే సగం ఛార్జ్‌తో పొడిచోట ఉంచండి. కింద పడ్డ, ఉబ్బిన, వింత వాసన వచ్చే, నీళ్లలో మునిగిన బ్యాటరీని వాడటం ఆపేసి ఇంటి బయట పెట్టి మెకానిక్‌కు చెప్పండి. సెల్స్ మార్చి ఇస్తామనే చవక మరమ్మతులు వద్దు.

కూర్చునే తీరు, తొలి నెల

గోడకానుకుని, పుస్తకాన్ని కాళ్ల మధ్య గట్టిగా పైకి నొక్కి నేల నుంచి కొలత తీసుకోండి. దాన్ని 0.883తో గుణిస్తే పెడల్ కడ్డీలు ఫ్రేమ్‌కు కలిసి తిరిగే ఇరుసు (బాటమ్ బ్రాకెట్) మధ్య నుంచి సీటు పై భాగానికి ఉండాల్సిన ఎత్తు వస్తుంది. 80 సెంటీమీటర్లకు 70.6. ఇది మొదలు మాత్రమే. మోకాలు ముందువైపు నొప్పెడితే సీటు కిందికి ఉందని, వెనకవైపు నొప్పెడితే లేదా పిరుదులు అటూ ఇటూ ఊగితే పైకి ఉందని అర్థం. ఒకసారికి మూడు మిల్లీమీటర్లు మాత్రమే మార్చి రెండు మూడు రోజులు తొక్కి చూడండి. తొలి నెల మాత్రం ఆగినప్పుడు కాలు సులువుగా నేలకు అందేలా సీటు ఒక సెంటీమీటరు తగ్గించుకున్నా తప్పులేదు.

బూటును పెడల్‌కు బిగించే రకం ఇప్పుడే వద్దు, ఆగే క్షణంలో కాలు ఊడదీయడం ఆలస్యమై పక్కకు పడతారు. పట్టు ముళ్లున్న వెడల్పు పెడళ్లు వాడండి. మొదటి వారం వాహనాలు లేని చోట ఎక్కడం, దిగడం, ఎనిమిది అంకె తిరగడం, ఒంటి చేత్తో సైగ చేయడం, గట్టిగా బ్రేకు పట్టడం సాధన చేయండి. ఎలక్ట్రిక్ అయితే ఇవన్నీ ముందు మోటార్ ఆపి, తర్వాత అతి తక్కువ సాయంతో చేయాలి. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత హ్యాండిల్, స్టెమ్ (హ్యాండిల్‌ను ఫ్రేమ్‌కు కలిపే భాగం), సీటు, పెడళ్ల బోల్టులు తిరిగి బిగించాలి. భాగం మీద రాసిన టార్క్ (బిగింపు బలం) ఎంతో అంతే, సాధారణంగా స్టెమ్ బోల్టుకు ఐదు న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. కార్బన్ భాగాలను చేతి అంచనాతో బిగిస్తే పగలవచ్చు.

హెల్మెట్ కనుబొమలకు రెండు వేళ్ల పైన, గడ్డం పట్టీకింద ఒక వేలు మాత్రమే దూరేలా ఉండాలి. ఒక్కసారి నేలకు తగిలినా, పైకి పగులు కనపడకపోయినా మార్చేయాలి. రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లు తలకు దెబ్బ తగిలితే, ఏమీ కాలేదనిపించినా, అదే రోజు ఆసుపత్రికి వెళ్లి ఆ మందు పేరు చెప్పాలి. పుర్రె లోపల రక్తం మెల్లగా చేరి గంటల తర్వాత బయటపడవచ్చు. మందుల పేర్లు, ఇంటివాళ్ల ఫోను నంబరు రాసిన కాగితం జేబులో పెట్టుకోండి, ఫోను లాక్ అయి ఉంటే పక్కవాళ్లు తెరవలేరు.