బోర్ చేసిన ఇంజన్ మళ్లీ పోతే: షెడ్డులో విప్పకముందే తీసుకోవాల్సిన జాగ్రత్తలు

ఇంజన్ దించి, బోర్ కొట్టించి (అరిగిన సిలిండర్ల లోపలి గోడల్ని కొద్దిగా తొలిపించి), పిస్టన్లు, రింగులు, బేరింగులు అన్నీ కొత్తవి వేయించి వేలకు వేలు పోశాక, నెల తిరక్కుండానే బండి టకటకమని కొట్టుకోవడం మొదలైందనుకోండి. షెడ్డుకు ఫోన్ చేస్తే సాధారణంగా వచ్చే జవాబు: "తెచ్చేయండి సార్, విప్పి చూద్దాం." సరేనని తాళాలు ఇచ్చేసి ఇంటికి వచ్చేయడం దగ్గరే చాలామంది నష్టపోతారు. తప్పు ఎవరిదో చెప్పే సాక్ష్యమంతా ఆ ఇంజన్ లోపలే ఉంది. మీరు లేనప్పుడు విప్పి, కిరసనాయిలుతో కడిగి, పాడైన బేరింగుల్ని పాత సామాన్లలో పడేశాక ఇక ఎవరూ ఏదీ తేల్చలేరు. మేస్త్రి మంచివాడే కావచ్చు, ఎక్కువమంది మంచివాళ్లే. అయినా తన పనిలో తప్పుందో లేదో తనొక్కడే చూసి చెప్పే పరిస్థితి అతనికీ మంచిది కాదు.

పాత డీజిల్ కార్లు ఉన్నవాళ్లకు ఇది మరీ ముఖ్యం. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 కాలుష్య నిబంధనలు వచ్చేసరికి మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. 1248 సీసీ ఇంజనుతో వచ్చిన స్విఫ్టులు, డిజైర్లు ఊళ్లలోనూ టాక్సీల్లోనూ ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. అలాంటిది కొత్తగా దొరకదు కాబట్టి ఉన్నదాన్నే బోర్ చేయించి నడుపుకుంటున్నారు. ఆ డబ్బు రెండోసారి పోయకూడదనే ఈ జాగ్రత్తలన్నీ.

ముందు బండి ఆపండి

ఇంజన్ శబ్దం మారినా, ఆయిల్ లైటు వెలిగినా, టెంపరేచర్ ముల్లు పైకి పోయినా పక్కకు తీసి వెంటనే ఆపేయండి. "మెల్లగా తోలుకుంటూ వచ్చేయండి" అని షెడ్డువాళ్లు చెప్పినా వినొద్దు. బిగ్ఎండ్ బేరింగ్ (పిస్టన్ రాడ్డు ఇంజన్‌లో తిరిగే ఇరుసుకు, అంటే క్రాంకుకు, తగిలేచోట ఉండేది) కొట్టుకుంటున్న బండిని ఇంకో పది కిలోమీటర్లు తోలితే రాడ్డు విరిగి బ్లాకును (సిలిండర్లుండే ఇంజన్ ఒంటిని) చీల్చుకుని బయటికి రావచ్చు. అప్పుడు బేరింగులతో పోయేది బ్లాకుతో పోతుంది. పైగా "లైటు వెలిగాక కూడా తోలారు" అనే మాట మీ మెడకు చుట్టుకుంటుంది. టోయింగ్ బండికయ్యే ఖర్చు దీని ముందు లెక్కలోది కాదు. ఆ రసీదు దాచుకోండి, బండిని నడపలేదని చెప్పే కాగితం అదే.

బండి షెడ్డులోకి వెళ్లకముందే ఫోన్లో ఒక వీడియో తీయండి: కిలోమీటర్ల రీడింగు, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం, కూలెంట్ డబ్బా, రేడియేటర్ చుట్టూ లీకులు ఏమైనా ఉన్నాయా అన్నది. కూలెంట్ మూత ఇంజన్ పూర్తిగా చల్లారాకే తీయాలి. ఆయిల్ తగినంత ఉన్నట్టు, కూలెంట్ నిండుగా ఉన్నట్టు ఆ వీడియోలో కనిపిస్తే, తర్వాత వచ్చే వాదనల్లో సగం అక్కడే ఆగిపోతాయి. ఆర్సీ, ఇన్సూరెన్స్ ఒరిజినల్స్ బండిలో వదలొద్దు.

విప్పేటప్పుడు మీరక్కడ ఉండాలి

రోజు, టైము ముందే అనుకోండి. మీకు ఇంజన్ల గురించి తెలియకపోతే ఆ షెడ్డుతో సంబంధం లేని మరో మెకానిక్‌ని రోజు కూలి ఇచ్చి వెంట తీసుకెళ్లండి. ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే లైసెన్సు సర్వేయర్లలో ప్రైవేటుగా వచ్చి రిపోర్టు రాసిచ్చేవాళ్లూ ఉంటారు. తర్వాత కేసు దాకా వెళ్తే ఆ రిపోర్టు చాలా పనికొస్తుంది.

మొదట ఆయిల్. డ్రెయిన్ నట్టు విప్పినప్పుడు ధార కొంచెం పోయాక, మధ్యలో శుభ్రమైన పొడి సీసాలో పట్టుకోండి. మూత మీద తేదీ, బండి నంబరు రాసి ఇద్దరూ సంతకాలు పెట్టండి. ఆయిల్ ఫిల్టర్ని పారేయనివ్వకండి. దాన్ని కోసి మడతలు విప్పితే లోపల మెరిసే లోహపు పొడి కనిపిస్తుందో లేదో అక్కడే తెలుస్తుంది.

తర్వాత బేరింగులు. వీటిని కడగకముందే, ఏది ఏ సిలిండరుదో పెయింటుతో గుర్తు పెట్టి వెలుతురులో ఫోటో తీయండి. చాలా చిన్న కార్లలో బేరింగుకూ క్రాంకుకూ మధ్య ఉండే సందు మిల్లీమీటరులో నూరో వంతుల్లో ఉంటుంది, అందుకే చిన్న పొరపాటు కూడా దాని మీద అచ్చు పడినట్టు కనిపిస్తుంది. బేరింగు మీద సన్నని గీతలు చుట్టూ తిరిగి, ఇసుక రేణువుల్లాంటివి గుచ్చుకుని ఉంటే ధూళి వెళ్లిందని అర్థం. బోర్, హోనింగ్ (బోర్ చేసిన గోడల్ని నునుపుగా రుద్దడం) చేయించాక బ్లాకులోని ఆయిల్ దారుల్ని బ్రష్షుతో, గాలితో శుభ్రం చేయకపోతే ఆ పొడి అక్కడే ఉండిపోయి మొదటి స్టార్టులోనే బేరింగుల్లోకి వెళ్తుంది. మెరుపు పోయి, రాగి రంగు తేలి, కాలినట్టు నీలం తిరిగితే ఆయిల్ అందలేదు: పంపో, స్ట్రెయినరో (ఆయిల్ జల్లెడ), సందు తప్పో చూడాలి. ఒక అంచు మాత్రమే అరిగితే రాడ్డు వంగిందా, క్రాంక్ గ్రైండింగులో జర్నల్ (బేరింగు కూర్చునే భాగం) ఏటవాలుగా వచ్చిందా అని అడగండి. క్రాంకును లేత్‌లో (బోరింగ్, గ్రైండింగ్ చేసే వర్క్‌షాపులో) మైక్రోమీటరుతో కొలిపించి, ఆ కొలతలు కాగితం మీద రాయించుకోండి. నోటి మాటగా "కొలత కరెక్టే సార్" అంటే చాలదు.

పిస్టన్ స్కర్ట్ (పిస్టన్ కింది పక్క గోడ) గీరుకుపోయి ఉంటే సందు తక్కువైనా కావచ్చు, వేడి ఎక్కినా కావచ్చు. పిస్టన్ తల మీద ఒకచోట మాత్రమే కరిగి గుంట పడితే అనుమానం ఇంజెక్టర్ మీదికి పోవాలి. హెడ్ గ్యాస్కెట్ (బ్లాకుకూ దాని పైనుండే హెడ్డుకూ మధ్య వేసే పొర) రెండు సిలిండర్ల మధ్య కాలిపోయి ఉంటే హెడ్డు చదునుగా ఉందో లేదో స్ట్రెయిట్ ఎడ్జ్ పెట్టి మీ ముందే చూపించమనండి. కొన్ని ఇంజన్లలో హెడ్ బోల్టులు బిగించినప్పుడు సాగేలా చేస్తారు, అవి మళ్లీ వాడకూడదు. కొత్తవి వేశారా అని అడిగి, బిల్లులో చూడండి.

ఒక విషయం మీద మాత్రం గట్టిగా నిలబడండి. మొదటిసారి ఇంజన్ ఎందుకు పోయిందో ఆ కారణాన్ని సరిచేశారా? పాత బేరింగు పొడి ఆయిల్ కూలర్లో, టర్బో పైపుల్లో మిగిలిపోతే కొత్త ఇంజనూ అదే దారి పడుతుంది. మూసుకుపోయిన రేడియేటర్ అలాగే ఉంటే ఎంత బాగా బోర్ చేసినా హెడ్డు మళ్లీ వేడెక్కుతుంది. ఇంజన్ పని చేయించుకున్నవాళ్లలో చాలామంది ఈ ప్రశ్న అడగరు, షెడ్డువాళ్లూ చెప్పరు.

ఎవరి తప్పు అన్న మాట వచ్చినప్పుడు

మూడు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. మొదటిది, "మీరు స్పీడుగా తోలారు." దీనికి మీ జవాబు రన్నింగ్-ఇన్ (కొత్తగా చేసిన ఇంజన్‌ని మొదట్లో మెల్లగా నడపడం) కాగితాలు: ఎంత స్పీడు మించొద్దన్నారు, మొదటి ఆయిల్ ఎప్పుడు మార్చమన్నారు, మార్చిన బిల్లు. రెండోది, "లేత్‌వాడి తప్పు." బ్లాకును లేత్‌కు పంపింది షెడ్డే అయితే ఆ లెక్క వాళ్లిద్దరూ చూసుకోవాలి, మీరు మాట్లాడుకున్నది షెడ్డుతోనే. మూడోది, "పార్టు డూప్లికేటు." పార్టులు వాళ్లే తెచ్చి ఉంటే ఇది వాళ్లకే తగులుతుంది. నాలుగు రూపాయలు కలిసొస్తాయని మీరే బయట కొని ఇచ్చి ఉంటే మాత్రం మీ వాదన బలహీనపడుతుంది. అప్పుడు డబ్బా, పార్టు నంబరు, బిల్లు పట్టుకుని అమ్మిన కొట్టుకు వెళ్లాల్సిందే.

గొంతు పెంచకండి. షెడ్డులో పదిమంది పనివాళ్ల ముందు మేస్త్రిని తిడితే ఒప్పుకోవాలనుకున్న తప్పు కూడా ఒప్పుకోడు. మాట్లాడిన ప్రతిసారీ ఆ సాయంత్రమే వాట్సాప్‌లో నాలుగు ముక్కలు పెట్టండి: "మేస్త్రి గారూ, ఈ రోజు మీ షెడ్డులో ఇంజన్ విప్పాక రెండో సిలిండర్ బిగ్ఎండ్ బేరింగ్ కాలిందని ఇద్దరం చూశాం. లేబరు, లేత్ మీరే భరిస్తామన్నారు. బేరింగులు, గ్యాస్కెట్ కిట్టు డబ్బులు నేనిస్తానన్నాను. ఇరవయ్యో తేదీకి బండి ఇస్తామన్నారు. తేడా ఉంటే చెప్పండి." ఆయన బదులివ్వకపోయినా ఆ మెసేజ్ నిలుస్తుంది. కొడుకో కూతురో బెంగళూరులోనో డాలస్‌లోనో ఉండి, నాన్న ఒక్కరే షెడ్డు చుట్టూ తిరుగుతున్న ఇళ్లలో ఈ మెసేజ్ పిల్లలు రాసి పెడితే పెద్దాయనకు సగం భారం తగ్గుతుంది.

డబ్బు, కాగితాలు

రెండోసారి పని మొదలయ్యేముందు ఏది ఉచితం, ఏది కాదన్నది విడివిడిగా రాయించండి: లేబరు, లేత్, పార్టులు, ఆయిల్, టోయింగ్. "చూసుకుందాంలే సార్" దగ్గర ఆపొద్దు. జీఎస్టీ బిల్లు కావాలని అడగండి. తెల్ల కాగితం మీద రాసిన లెక్కే ఉంటే, దానితో పాటు యూపీఐ చెల్లింపుల స్టేట్‌మెంటు దాచండి. మిగిలినది నగదుగా ఇవ్వాల్సి వస్తే సంతకం తీసుకోండి.

బిల్లు మీద గొడవ ఉంటే బండిని రాత్రికి రాత్రి ఎత్తుకొచ్చే ఆలోచన చేయకండి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ ప్రకారం, చెప్పిన పని సరిగా చేసిన వ్యక్తికి తన కూలి వచ్చేదాకా ఆ వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కుంది. పని సరిగా జరిగిందా అన్నదే మీ తగాదా. బండి అత్యవసరమైతే "అభ్యంతరంతో చెల్లిస్తున్నాను" అని రాసి, మెసేజ్ పెట్టి, డబ్బు కట్టి తెచ్చుకోండి. మీ ఫిర్యాదు హక్కు పోదు. వానాకాలంలో హెడ్డు విప్పిన బ్లాకును నెలల తరబడి వదిలేస్తే గోడలు తుప్పు పడతాయి. వాదన నడుస్తున్నా, ఆయిల్ రాసి కవరు కప్పి ఉంచమనండి.

మాటలతో తేలకపోతే

ముందు స్పీడ్ పోస్టులో నోటీసు, అందులో పదిహేను రోజుల గడువు. 1915కి ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ షెడ్డుతో మాట్లాడే ప్రయత్నం చేస్తుంది. తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయొచ్చు, ఆన్‌లైన్లో ఈ-జాగృతి పోర్టల్ ద్వారా కూడా. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయరు తప్పనిసరి కాదు. గడువు 2 సంవత్సరాలు. "వచ్చే నెల చేసిస్తా" అన్న మాటలు వింటూ కూర్చుంటే ఆ గడువు ఆగదు, జాగ్రత్త. సొంతంగా టాక్సీ నడుపుకుని బతికేవాళ్లు ఆ సంగతి ఫిర్యాదులో స్పష్టంగా రాయాలి. లేకపోతే "వ్యాపారానికి వాడే బండి, వీళ్లు వినియోగదారులు కారు" అని అవతలివాళ్లు మొదటే అడ్డుపడతారు.

షెడ్డువాళ్లు రాజీకి సెకండ్‌హ్యాండ్ ఇంజన్ వేసిస్తామంటే ఒప్పుకునే ముందు ఆ ఇంజన్ ఏ బండిదో, దాని బిల్లు ఉందో అడగండి. ఇంజన్ నంబరు మారితే ఆర్టీఏకి తెలిపి ఆర్సీలో ఎక్కించుకోవాలి. అలా చేయకపోతే రేపు బండి అమ్మేటప్పుడు, ఇన్సూరెన్స్ క్లెయిమ్ వేసేటప్పుడు చిక్కులు మీకే వస్తాయి. పాత ఇంజన్ పార్టులన్నీ గోనెసంచిలో కట్టి ఇంటికి తెచ్చుకోండి. కొత్తది రన్నింగ్-ఇన్ పూర్తి చేసుకుని, ఉంటే కేసు కూడా తేలేదాకా వాటిని తుక్కువాడికి వేయకండి.