కొవ్వు తగ్గాలంటే వ్యాయామానికి ముందూ వెనుకా ఎప్పుడు తినాలి

ఉదయం ఆరింటికి కేబీఆర్ పార్కులో నడిచేవారు ముందుగా ఏమీ తినకపోయినా ఇబ్బంది లేదు; ఒక గ్లాసు నీళ్లు చాలు. పరగడుపున నడిస్తే ఆ గంటలో కొవ్వు కొంత ఎక్కువగా ఖర్చయ్యే మాట నిజమే కానీ, రోజు మొత్తంలో తిన్నదానికంటే ఖర్చు చేసినది ఎక్కువైతేనే ఒంట్లోని కొవ్వు తగ్గుతుంది. అందుకే నడక ముగియగానే ఇరానీ చాయ్‌తో నాలుగు ఉస్మానియా బిస్కెట్లు తినే అలవాటును ముందుగా మానుకోవాలని నా గట్టి అభిప్రాయం.

జిమ్‌లో బరువులు ఎత్తేవారు మాత్రం అరగంట ముందు ఒక అరటిపండు తినడం మంచిది. సాయంత్రం ఆఫీసు నుంచి నేరుగా వెళ్లేవారు మధ్యాహ్న భోజనం ఒంటిగంటకే ముగించి ఉంటారు కాబట్టి, ఐదింటికి గుప్పెడు ఉడికించిన శనగలు తింటే, రాత్రి ఆకలి తట్టుకోలేక బిర్యానీ తెప్పించుకునే పరిస్థితి రాదు.

వ్యాయామం తర్వాత రెండు గంటల్లోపు మాంసకృత్తులున్న భోజనం చేయాలి. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములే ఉంటాయి కనుక, రెండు గుడ్లతో పాటు పెసరట్టు, పెరుగు కూడా తీసుకోవాలి.

ఇన్సులిన్ వాడే మధుమేహ రోగులు వైద్యుణ్ణి అడగకుండా పరగడుపున వ్యాయామం చేయకూడదు.